కెంటకీ గుర్రాల సీమలో మిడ్‌వే అనే చిన్న ఊరికి వెళ్లేవారికి

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్‌టన్ నగరానికీ, రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌కూ నడుమన ఉన్నందువల్ల ఆ ఊరికి మిడ్‌వే అనే పేరు వచ్చింది. 1830లలో ఈ దారిన రైలు మార్గం వేసిన కంపెనీయే నేల కొని, వీధులు గీసి ఊరిని నిలబెట్టింది. నేటికీ రైలు పట్టాలు ప్రధాన వీధి మధ్య నుంచే సాగుతాయి. వాటికి రెండు వైపులా కార్లు నిలుపుకుంటారు, ఆ వెనుక పాత ఇటుక కట్టడాల్లో దుకాణాలు ఉంటాయి. రెండు వేల మంది కూడా లేని ఈ ఊరి చుట్టూ థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలను పుట్టించి పెంచే ఫారాలు మైళ్ల కొద్దీ పరుచుకొని ఉన్నాయి. ఇక్కడికి వెళ్లాలనుకునేవారు మొదటే గ్రహించవలసిన విషయం ఏమిటంటే, ఈ సీమలో రోజంతా గుర్రం పనిని బట్టే నడుస్తుంది. మేతకూ, వ్యాయామానికీ, ఆడగుర్రాన్ని మగగుర్రంతో కలిపే దాటింపుకూ, పిల్లను కనే ఈతకూ గుర్రానికి వేళలు ఉన్నాయి. ఆ వేళలు తెలుసుకొని వాటికి తగినట్లు మన ప్రయాణాన్ని సర్దుకుంటే, రెండు రోజుల్లో చూడదగినదంతా చూడవచ్చు. తెలుసుకోకపోతే మూసిన గేట్లు, దూరాన కనిపించే కంచెలు మాత్రమే మిగులుతాయి.

నా మొదటి ప్రయాణం అలాగే సాగింది. ఊరి బయట అందమైన రాతి స్తంభాల గేటు కనిపించగానే కారు లోపలికి తిప్పాము. కాపలా గదిలోని వ్యక్తి ఎంతో మర్యాదగా మాట్లాడి, బుకింగ్ లేనిదే ఎవరినీ పంపబోమని చెప్పి వెనక్కు పంపాడు. అతని తప్పేమీ లేదు. ఇవన్నీ సొంత పొలాలు. ఒక్కో గుర్రం విలువ కోట్ల డాలర్లలో ఉండవచ్చు, పైగా ఆ గుర్రాల్లో చాలావాటి యజమానులు వేరెక్కడో ఉంటారు, ఫారం వారు వాటిని నమ్మకం మీద సంరక్షిస్తుంటారు. కాబట్టి టూరును ముందుగా బుక్ చేసుకోవడం తప్పనిసరి. హార్స్ కంట్రీ అనే లాభాపేక్ష లేని సంస్థ వెబ్‌సైటులో అనేక ఫారాల టూర్లు తేదీలతో సహా ఒకే చోట కనిపిస్తాయి. కొన్ని ఫారాలు నేరుగా కూడా బుకింగ్ తీసుకుంటాయి. గుంపులు చిన్నవి, రోజుకు జరిగే టూర్లు తక్కువ కనుక, ఏప్రిల్, మే, అక్టోబర్ నెలలకైతే కనీసం కొన్ని వారాల ముందే చూసుకోవడం మంచిది. పిల్లలకు వయోపరిమితి ఉందా, చక్రాల కుర్చీకి దారి ఉందా అన్నవి అప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఫారాలన్నీ ఒకే రకం కావు. కొన్నింటిలో స్టాలియన్లు, అంటే సంతానం కోసం ఉంచిన మగగుర్రాలు మాత్రమే ఉంటాయి. కొన్ని చూలు గుర్రాలకూ పిల్లలకూ కేటాయించినవి. మరికొన్నింటిలో ఏడాది దాటిన పిల్లలకు కళ్లెం, జీను అలవాటు చేస్తారు. పేరు వినగానే ఉత్సాహం కలిగించేవి స్టాలియన్ ఫారాలే, ఎందుకంటే టీవీలో చూసిన కెంటకీ డెర్బీ అనే పెద్ద పందెపు విజేత అక్కడ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంటుంది. అయినా ఒక్క టూరుకే సమయం ఉంటే, వచ్చింది వసంత కాలమైతే, తల్లీపిల్లలున్న ఫారాన్నే ఎంచుకొమ్మని చెబుతాను. ఏదో ఒక పేరున్న గుర్రం కోసమే వెళ్తున్నవారు అది ఇంకా ఆ ఫారంలోనే ఉందో లేదో ముందుగా కనుక్కోవాలి. స్టాలియన్లు చేతులు మారుతుంటాయి. కొన్నింటిని ఇక్కడ దాటింపు కాలం ముగియగానే విమానంలో దక్షిణార్ధగోళానికి పంపి, అక్కడి కాలం ముగిశాక తిరిగి తెస్తారు.

ఇక ఏ నెలలో వెళ్లాలి అనే ప్రశ్న. దీనికి జవాబు ఒక చిన్న నిబంధనలో ఉంది. ఉత్తరార్ధగోళంలో పుట్టిన ప్రతి థరోబ్రెడ్‌కూ పందేల లెక్కలో పుట్టినరోజు జనవరి 1. మే నెలలో పుట్టిన పిల్లకూ, జనవరి చివర పుట్టిన పిల్లకూ మరుసటి జనవరి 1న ఒకే వయసు వస్తుంది. ముందు పుట్టిన పిల్లకు ఎదగడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది కనుక, పెంపకందారులందరూ సంవత్సరారంభంలోనే ఈత రావాలని చూస్తారు. ఆడగుర్రం పిల్లను సుమారు పదకొండు నెలలు, సగటున 340 రోజులు కడుపున మోస్తుంది. అందుచేత దాటింపు కాలం ఫిబ్రవరి మధ్యలో మొదలై జులై తొలినాళ్ల వరకు సాగుతుంది. ఆడగుర్రాలు సహజంగా పగటి వెలుతురు పెరిగాక గాని ఎదకు రావు కాబట్టి, డిసెంబరు నుంచే శాలల్లో దీపాలు పెట్టి రోజుకు పదహారు గంటల వెలుతురు అందేలా చేస్తారు. చలికాలపు సాయంత్రం ఊరి బయటి రోడ్డు మీద వెళ్తూ, చీకటి పొలాల నడుమ వరుసగా వెలుగుతున్న శాలల కిటికీలు చూసినప్పుడు దాని కారణం ఇదని తెలిసి ఉంటే ఆ దృశ్యం వేరుగా కనిపిస్తుంది.

కనుక గుర్రపు పిల్లలను చూడాలంటే మార్చి నుంచి మే వరకు రావాలి. అందులోనూ ఏప్రిల్ చివరి పక్షంలో పచ్చిక దట్టంగా పెరిగి, డాగ్‌వుడ్ చెట్లు పూసి, ప్రతి పొలంలోనూ తల్లి వెంట పరుగెత్తే పిల్ల కనిపిస్తుంది. పైగా ఏప్రిల్‌లో లెక్సింగ్‌టన్ దగ్గరి కీన్‌లాండ్ మైదానంలో పందేలు కూడా జరుగుతాయి. మే మొదటి శనివారం లూయీవిల్‌లో కెంటకీ డెర్బీ జరుగుతుంది కాబట్టి ఆ వారం గదులు దొరకవు, దొరికినా ధర హద్దు మీరుతుంది. ఆ వారాన్ని వదిలిపెట్టండి. ఎండాకాలంలో ఎండ వల్లా ఈగల వల్లా గుర్రాలను పగలు శాలల్లో ఉంచి రాత్రిపూట మేతకు వదులుతారు. జులైలో మధ్యాహ్నం వచ్చినవారికి ఖాళీ పచ్చిక బయళ్లు కనిపించేది అందుకే. సెప్టెంబరులో ఏడాది పిల్లల వేలం, అక్టోబరులో మళ్లీ పందేలు, నవంబరులో చూలు గుర్రాల వేలం జరుగుతాయి. దాటింపు కాలంలో స్టాలియన్ ఫారాలు సందర్శకులకు ఇచ్చే సమయం తక్కువగా ఉంటుంది, అది కూడా పని లేని వేళల్లోనే.

దాటింపు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పిల్లలతో వెళ్లినవారు గైడు మాటలకు ఇబ్బంది పడటం చూశాను. జాతి నమోదు చూసే జాకీ క్లబ్ నిబంధన ప్రకారం కృత్రిమ గర్భధారణ ద్వారా పుట్టిన గుర్రం థరోబ్రెడ్‌గా నమోదు కాదు. ప్రతి దాటింపూ సహజంగానే జరగాలి. అందుకే ఎదకొచ్చిన ఆడగుర్రాలను చుట్టుపక్కల ఫారాల నుంచి వ్యానుల్లో స్టాలియన్ ఉన్న చోటికి తీసుకొస్తారు, అందుకే ఈ సీమలో ఇన్ని ఫారాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. దాటింపు రుసుము కూడా చాలా ఒప్పందాల్లో పిల్ల పుట్టి, తన కాళ్ల మీద నిలబడి, పాలు తాగిన తరువాతే చెల్లించవలసి వస్తుంది. పాడిపశువులున్న ఇళ్లలో పెరిగినవారికి ఇందులో కొత్తేమీ లేదు. పిల్లలకు కూడా ఉన్నదున్నట్లు చెబితే సరిపోతుంది.

ఈ నేలే ఎందుకు అని కూడా తెలుసుకొని వెళ్లాలి. ఈ సీమ అడుగున సుమారు 45 కోట్ల సంవత్సరాల నాటి సున్నపురాయి ఉంది. అందులో నుంచి కాల్షియం, భాస్వరం మట్టిలోకీ నీటిలోకీ, వాటి ద్వారా గడ్డిలోకీ చేరి, ఎదిగే పిల్లల ఎముకలకు బలమిస్తాయని ఇక్కడివారి నమ్మకం. పచ్చిక మధ్యలో అక్కడక్కడ గిన్నెలా కుంగిన నేల, దాని చుట్టూ వదిలేసిన చెట్లు కనిపిస్తే, అడుగున సున్నపురాయి నీటికి కరిగి నేల దిగిపోయిన చోటని గుర్తుపట్టవచ్చు. సీమకు పేరు తెచ్చిన బ్లూగ్రాస్ మాత్రం ఇక్కడిది కాదు, యూరప్ నుంచి వలస వచ్చినవారితో వచ్చింది. గడ్డి పచ్చగానే ఉంటుంది. కోయకుండా వదిలితే కంకులు వేసినప్పుడు నీలిఛాయ కనిపిస్తుంది.

ప్రయాణానికి సొంత కారో, అద్దె కారో ఉండాలి. ఊళ్ల మధ్య ఆధారపడదగిన బస్సులు లేవు. యాప్‌లో పిలిచిన టాక్సీ ఫారం వరకు తీసుకొచ్చినా, తిరుగు ప్రయాణానికి మరొకటి దొరకడం కష్టం. లెక్సింగ్‌టన్ విమానాశ్రయం కీన్‌లాండ్ ఎదురుగానే ఉంది. టికెట్ ధరను బట్టి లూయీవిల్ లేదా సిన్సినాటి విమానాశ్రయంలో దిగి గంటన్నర లోపు కారులో రావచ్చు. లెక్సింగ్‌టన్ నుంచి మిడ్‌వే వైపు వచ్చేటప్పుడు పెద్ద రహదారి పట్టకుండా ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్ మీదుగా రండి. చెట్ల కొమ్మలు రోడ్డు మీద కలుసుకొని పందిరి వేసినట్లుంటాయి. అయితే రోడ్డు ఇరుకు, అంచున ఆగడానికి చోటుండదు, కొన్నిచోట్ల సున్నం లేకుండా పేర్చిన పాత రాతిగోడ చక్రానికి అడుగు దూరంలోకి వస్తుంది. ఫొటో కోసం ఫారం గేటుకు అడ్డంగా కారు ఆపకూడదు, గుర్రాల వ్యాను ఎప్పుడు వస్తుందో తెలియదు. అలాంటి వ్యాను ముందు వెళ్తుంటే దూరం పాటించాలి, హారన్ కొట్టకూడదు. లోపల నిలబడి ఉన్న జంతువు ప్రతి కుదుపునూ కాళ్లతో తట్టుకోవాలి. దారి అడిగేటప్పుడు పక్క ఊరు వర్సేల్స్ పేరును ఫ్రెంచి పద్ధతిలో పలకకండి, ఇక్కడ అది ‘వర్‌సేల్స్’.

ఉదయం మొదటి పనిగా, తెల్లవారుతుండగా కీన్‌లాండ్‌కు వెళ్లాలి. మిడ్‌వే నుంచి ఇరవై నిమిషాల దారి. 1936లో పందేలు మొదలైన ఈ మైదానంలో ఉదయపు శిక్షణను సాధారణంగా ఎవరైనా కంచె దగ్గర నిలబడి ఉచితంగా చూడవచ్చు. పొగమంచులో ముందు డెక్కల చప్పుడు వినిపిస్తుంది, ఆ తరువాత ముక్కుపుటాల నుంచి వచ్చే శ్వాస శబ్దం, ఆఖరున గుర్రం కనిపిస్తుంది. పందెం రోజున వేలాది మంది అరుపుల్లో వినిపించని ఆ ఊపిరి శబ్దం కోసమే తెల్లవారుజామున లేవడం సార్థకం. అక్కడి ట్రాక్ కిచెన్‌లో శిక్షకులు, రౌతులు, గుర్రాలను సాకే గ్రూములు తినే చోటే మనమూ అల్పాహారం తినవచ్చు.

ఫారంలోకి వెళ్లేటప్పుడు పాదం మొత్తం కప్పే బూట్లు వేసుకోవాలి. చీర కొంగు, చున్నీ, కండువా వంటివి గాలికి రెపరెపలాడకుండా దోపుకోవాలి. గొడుగు బదులు రెయిన్‌కోటు తెచ్చుకోవాలి, తటాలున తెరుచుకునే గొడుగుకు గుర్రం బెదురుతుంది. గుర్రానికి తన నుదుటికి ఎదురుగా అతి దగ్గరలోనూ, సరిగ్గా వెనకా ఏమీ కనిపించదు. కాబట్టి గ్రూము రమ్మన్నప్పుడు మాత్రమే, మెల్లగా మాట్లాడుతూ, భుజం వైపు నుంచి దగ్గరకు వెళ్లాలి. చెవులు మనవైపు తిరిగి ఉంటే ఆసక్తితో ఉందని అర్థం, మెడకు ఆనించి వెనక్కు వాల్చితే వెంటనే వెనక్కు తగ్గాలి. స్టాలియన్లు కొరుకుతాయి, వాటి మూతి దగ్గర చేయి పెట్టకూడదు. తల్లికీ పిల్లకూ మధ్య నిలబడకూడదు. గైడు చెప్పనిదే ఏమీ తినిపించకూడదు. ఫ్లాష్, డ్రోన్ వాడకూడదు. ఎండుగడ్డి నిండిన శాలల దగ్గర పొగ తాగడం మాట తలపెట్టనే కూడదు.

అంటురోగాల విషయంలో ఇక్కడివారి జాగ్రత్తను గౌరవించడం మన కనీస బాధ్యత. 2001 వసంతంలో ఈ సీమలో చూలు గుర్రాలు వేల సంఖ్యలో పిల్లలను కోల్పోయాయి. అడవి చెర్రీ చెట్ల మీద పెరిగే టెంట్ గొంగళిపురుగులకూ దానికీ సంబంధం ఉందని తరువాత పరిశోధనలో తేలింది. అప్పటి నుంచి చాలా ఫారాల్లో పొలాల పక్కన చెర్రీ చెట్లు కొట్టేశారు. అది అంటురోగం కాకపోయినా, అలాంటి ఏడాదిని చూసిన ఫారంవారు బూట్లను మందునీళ్లలో ముంచమంటే మనం విసుక్కోకూడదు. ఒకే రోజున రెండు ఫారాలకు వెళ్తే మధ్యలో బూట్లు కడుక్కోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తున్నప్పుడు మరో సంగతి ఉంది. అమెరికాలో దిగేటప్పుడు ఇటీవల పొలంలోనో, పశువుల దగ్గరో తిరిగారా అని కస్టమ్స్‌వారు అడుగుతారు. ఊళ్లో పశువుల కొట్టంలో తిరిగి ఉంటే నిజమే చెప్పాలి, అవే చెప్పులతో ఇక్కడి ఫారాలకు రాకూడదు.

టూరులో గైడు మాటల మీదే కాక చుట్టూ ఉన్న వస్తువుల మీద కూడా దృష్టి పెట్టండి. కంచె పలకలను స్తంభానికి గుర్రం ఉండే వైపున కొడతారు, ఆనుకున్నా తోసినా మేకులు ఊడి రాకుండా. పరుగెత్తే పిల్ల మూలలో చిక్కి గాయపడకూడదని చాలాచోట్ల మూలలను గుండ్రంగా తిప్పుతారు. తల్లిగుర్రం చెంప మీద, తలకు కట్టే హాల్టర్ అనే పట్టీ తోలుకు ఇత్తడి రేకు బిగించి ఉంటుంది, దాని మీద పేరు చెక్కి ఉంటుంది. హాల్టర్ తోలుతోనే చేయడానికి కారణం, ఎక్కడైనా తగులుకుంటే గుర్రం మెడ విరిగే లోపు అదే తెగిపోవాలని. పిల్లకు ఇంకా పేరుండదు. దాని పట్టీ మీద తల్లి పేరు, పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటాయి. పందేలకు సిద్ధమయ్యే దాకా శాలలో అందరూ దాన్ని తల్లి పేరుతోనే పిలుస్తారు. నేను చూసిన పిల్ల పుట్టి మూడు రోజులైంది. గ్రూము ఒక చేతిని దాని రొమ్ము ముందు, మరో చేతిని పిరుదుల వెనుక ఉంచి, తాడు లాగకుండా తన ఒంటితోనే నడిపించుకుంటూ తల్లి వెంట పచ్చికకు తీసుకెళ్లాడు. పిల్ల నాలుగడుగులు వేసి ఆగింది, అతనూ ఆగాడు. అది మళ్లీ కదిలే వరకు స్పానిష్‌లో ఏదో చెబుతూనే ఉన్నాడు. ఈతలు ఎక్కువగా రాత్రిపూటే జరుగుతాయి. పుట్టిన పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. ఈ లెక్క తప్పితే పశువైద్యుడిని పిలుస్తారు. రాత్రి కాపలా ఉన్నవారిని కలిసే అవకాశం దొరికితే ప్రశ్నలు వారినే అడగండి. గైడుకూ, గుర్రాన్ని పట్టుకొని చూపిన గ్రూముకూ చేతిలో పెట్టడానికి కొన్ని డాలర్ల నోట్లు ఉంచుకోవాలి, అది ఇక్కడి మర్యాద.

నేడు ఈ శాలల్లో పనిచేసేవారిలో మెక్సికో, గ్వాటెమాలా నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు ఈ పనిని భుజాన మోసినవారు నల్లజాతివారు, తొలుత బానిసలుగా, ఆ తరువాత స్వేచ్ఛ పొందినవారుగా. 1875లో జరిగిన మొదటి కెంటకీ డెర్బీలో పాల్గొన్న 15 మంది రౌతుల్లో 13 మంది నల్లజాతివారే. మూడుసార్లు డెర్బీ గెలిచిన ఐజాక్ మర్ఫీ సమాధి లెక్సింగ్‌టన్ ఉత్తరాన ఉన్న కెంటకీ హార్స్ పార్క్‌లో, మ్యాన్ ఓ’ వార్ అనే ప్రఖ్యాత గుర్రం విగ్రహానికి దగ్గరలో ఉంది. పిల్లలకు గుర్రాన్ని దగ్గరగా చూపాలన్నా, బుకింగ్ దొరకకపోయినా ఆ పార్కు మంచి ప్రత్యామ్నాయం. కాని అక్కడికి వెళ్లినవారు మర్ఫీ సమాధి దగ్గర ఆగకుండా రావద్దని కోరుతున్నాను.

మధ్యాహ్నం మిడ్‌వే ఊరికి కేటాయించుకోండి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పది నిమిషాల్లో నడవవచ్చు. గూడ్సు రైలు వచ్చేటప్పుడు కూతకు ముందే దుకాణాల అద్దాలు సన్నగా అదురుతాయి. పట్టాల మీద నిలబడి ఫొటోలు దిగే అలవాటు మానుకోవాలి. దుకాణాలు, హోటళ్లు వారంలో ఒకటి రెండు రోజులు మూసి ఉంటాయి కనుక ముందే చూసుకోవాలి. శాకాహారులు చిక్కుడు గింజలు, ఆకుకూరల వంటకాలు కూడా అడగకుండా తీసుకోకూడదు, ఈ ప్రాంతంలో వాటిని పంది మాంసంతో కలిపి ఉడికించడం పరిపాటి. ఊరికి దగ్గరలో సౌత్ ఎల్‌ఖార్న్ వాగు ఒడ్డున 1865 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న వైసెన్‌బర్గర్ పిండిమర ఉంది. అక్కడి మొక్కజొన్న పిండి ఇంటికి తెచ్చుకోదగినది.

సెప్టెంబరులో వచ్చినవారు కీన్‌లాండ్ వేలాన్ని తప్పక చూడాలి. ప్రవేశం ఉచితం. ఏడాది పిల్లల తుంటి మీద నంబరు చీటీ అతికించి ఉంటుంది, కేటలాగులో ఆ నంబరు చూస్తే తల్లిదండ్రుల వంశం తెలుస్తుంది. చేయి ఎత్తితే గుర్రం మన మీద పడుతుందేమోనని భయపడనక్కర్లేదు, కొనుగోలుదారులు ముందే పరపతి ఏర్పాటు చేసుకొని ఉంటారు. 1985లో ఇక్కడే సియాటిల్ డాన్సర్ అనే ఏడాది పిల్ల కోటీ 31 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. హాలులో కూర్చోవడం కన్నా, వెనుక వైపు గుర్రాలను నడిపించే చోట నిలబడితే ఎక్కువ నేర్చుకోవచ్చు. కొనేవారు మొదట కాళ్లను, నడకను, చివరికే ముఖాన్ని చూస్తారు.

రెండో రోజున వీలుంటే ప్యారిస్ ఊరి దగ్గరి క్లెయిబోర్న్ ఫారానికి బుకింగ్ చేసుకోండి. 1973లో ట్రిపుల్ క్రౌన్, అంటే ఒకే ఏడాదిలో మూడు పెద్ద పందేలూ గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రం సమాధి అక్కడుంది. పందెపు గుర్రాలను ఖననం చేసేటప్పుడు తల, గుండె, డెక్కలు మాత్రమే పూడ్చడం ఇక్కడి ఆచారం. సెక్రటేరియట్‌ను మాత్రం ఒళ్లంతా అలాగే పూడ్చారు. రాయి చిన్నది, దాని మీద పేరు, 1970, 1989 అనే రెండు సంవత్సరాలు తప్ప మరేమీ లేదు. తిరుగు దారిలో జార్జ్‌టౌన్ దగ్గర ఓల్డ్ ఫ్రెండ్స్ అనే ఫారం వస్తుంది. పందేలూ సంతానమూ ముగిసిన ముసలి గుర్రాలకు 2003లో మొదలైన ఆశ్రయం అది. గైడు అనుమతించిన గుర్రానికి, అరచేతిని చదునుగా చాచి, వేళ్లు కలిపి ఉంచి, అతను ఇచ్చిన క్యారెట్ ముక్కను అందించండి. మూతి మీది వెంట్రుకలు ముందు అరచేతిని తడుముతాయి, ఆ తరువాతే పెదవులు ముక్కను అందుకుంటాయి. ఆ సమయంలో చేతిని వెనక్కు లాక్కోకుండా ఉంటే చాలు.